బిడ్డకు గడ్డ... గెలకొద్దు!

చూడ్డానికి శనగగింజంతే ఉంటుంది. కానీ అది లేచిందంటే బిడ్డకు కూర్చోవడం కష్టం, పడుకోవడం కష్టం. ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఇక సలహాలకైతే కొదవే లేదు... సున్నం పెట్టమనేవారు ఒకరు, సూదితో గుచ్చమనేవారు మరొకరు. సెగగడ్డ విషయంలో నిజంగా చేయాల్సింది ఏమిటి? చేయకూడనిది ఏమిటి?

రాత్రి రెండు గంటలు. కరెంటు పోయింది. ఐదేళ్ల పిల్లాడు మంచం మీద బోర్లా పడుకుని ఒకటే ఏడుపు. తొడ వెనక లేచిన గడ్డ నాలుగు రోజుల్లో రేగుపండంత అయింది. చుట్టూ ఎర్రగా కమిలి, ముట్టుకుంటే నిప్పులా ఉంది. చెడ్డీ అంచు తగిలినా కేకే.

ఇదెక్కడో కాదు, మా ఇంట్లోనే జరిగింది. వేసవి సెలవులకని బోధన్ దగ్గరి పల్లెకు వెళ్లినప్పుడు. తెల్లారేసరికి వాకిట్లో పంచాయతీ మొదలైంది.

‘‘సున్నం, బెల్లం నూరి పెట్టు బిడ్డా... పొద్దుమూకేసరికి పగుల్తది’’ అంది నాయనమ్మ.

‘‘ఉల్లిగడ్డ కాల్చి కట్టున్రి’’ అంది పక్కింటి పెద్దమ్మ.

‘‘ఇవన్నీ ఎందుకు? సూది కాల్చి గుచ్చితే అయిపాయె’’ అన్నాడు మామయ్య.

‘‘మెడికల్ షాపుల అడిగితే రెండు గోలీలిస్తడు గదా’’ అన్నారు ఇంకొకరు.

చివరికి పెద్దల మాటే నెగ్గింది. సున్నం, బెల్లం కలిపి పట్టించాం. పిల్లాడు మరింత ఏడ్చాడు. ‘మందు పనిచేస్తోంది’ అనుకున్నాం. మర్నాడు తుడిచి చూస్తే గడ్డ అలాగే ఉంది. దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర తోలు కాలి నల్లబడింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే! పాతిక కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్‌కు పరుగెత్తాం. ఖలీల్‌వాడిలో పిల్లల డాక్టరుగారు ముందు వైద్యం చేసింది గడ్డకు కాదు, మేం చేసిన కాలిన గాయానికి. ఆ తర్వాత గడ్డకు ఆయన చెప్పిన మందేమిటో తెలుసా? గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ. ‘ఇంతేనా!’ అనిపించింది.

అవును. చాలావరకు ఇంతే. కాకపోతే ఆ ‘ఇంతే’ను పద్ధతిగా చేయాలి, ఎప్పుడు ఆగి ఆసుపత్రికి వెళ్లాలో తెలిసుండాలి.

వెంట్రుక మొదట్లో యుద్ధం

మన చర్మమంతా సన్నటి వెంట్రుకలే. ప్రతి వెంట్రుక మొదట్లో ఓ చిన్న సంచిలాంటి గుంట ఉంటుంది. గీరుకున్నప్పుడో, చెమటకు నానినప్పుడో, దోమకాటును గోకినప్పుడో అక్కడి తోలు చిట్లుతుంది. ఆ దారిన సూక్ష్మక్రిమి లోపలికి దూరుతుంది. దాన్ని అడ్డుకోవడానికి ఒంట్లోని తెల్లరక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. ఆ పోరులో చచ్చిన కణాలు, క్రిములు, కరిగిన కండ... అంతా కలిసి చీమవుతుంది. చీము బయటికి దారి లేక లోపల ఒత్తిడి పెంచుతుంది. అందుకే ఆ సలుపు. తొడమీద గడ్డ లేస్తే గజ్జల్లో, చేతిమీద లేస్తే చంకలో ‘బిళ్లలు కట్టడం’ కూడా ఆ పోరులో భాగమే.

ఈ క్రిమిని తొలిసారి చీములో పట్టుకున్నది స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్. 1880లో ఆయన రోగి గడ్డలోంచి తీసిన చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, గుత్తులు గుత్తులుగా గుండ్రటి క్రిములు కనిపించాయి. ద్రాక్షగుత్తికి గ్రీకులో ఉన్న పేరుతో వాటిని ‘స్టాఫిలోకాకస్’ అన్నాడు. 1884లో రోజెన్‌బాక్ అనే జర్మన్ వైద్యుడు, పెంచినప్పుడు బంగారు రంగులో కనిపించే రకానికి ‘ఆరియస్’ అని తోక తగిలించాడు. లాటిన్‌లో ‘బంగారు’ అని అర్థం. పేరుకు బంగారమే, పని మాత్రం పుండు చేయడం!

మరో సంగతి. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజుపళ్లెంలో పెంచుతున్నదీ స్టాఫిలోకాకస్‌నే. అందులో పొరపాటున పడ్డ బూజు చుట్టూ ఆ క్రిములు చచ్చిపోవడం చూసే ఆయన పెన్సిలిన్‌ను కనిపెట్టాడు. విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు ఈ క్రిముల్లో అత్యధికం మామూలు పెన్సిలిన్‌కు లొంగడం లేదు. ఎందుకో కాస్త ముందుకెళ్లాక చెప్పుకుందాం.

మామిడిపండు నేరం చేసిందా?

‘మామిడిపండ్లు తిన్నడు... వేడి చేసింది... గడ్డ లేసింది’. మే నెల వస్తే మన ఇళ్లలో వినిపించే మాటే ఇది. మామిడిపండ్ల కాలంలోనే గడ్డలు ఎక్కువ లేస్తాయన్నది నిజమే. కానీ ఆ నేరం పండుది కాదు, కాలానిది. నిజామాబాద్ ఎండలకు 44, 45 డిగ్రీలు కొత్తేం కాదు. ఆ వేడికి చెమట, చెమటకు చెమటకాయలు, వాటిని మట్టిగోళ్లతో గోకడం... క్రిమికి కావలసింది ఇదే. అయితే మామిడి తొడిమ దగ్గరి సొన తగిలితే మూతి చుట్టూ, బుగ్గలమీద తోలు పొక్కడం వేరే సంగతి. అది నిజంగా సొన పనే. పండును కాసేపు నీళ్లలో వేసి, కడిగి, సొన పోయాక ఇస్తే సరిపోతుంది. పండు మాన్పించనక్కర్లేదు.

చెరకు సీమలో ఇంకో కారణమూ ఉంది. చెరకు ఆకు అంచు సన్నటి రంపం. మట్టల మీది నూగు ఒంటికి అంటితే ఒకటే దురద. గడ కోసమని తోటలో దూరిన పిల్లల చేతులు, కాళ్లు గీరుకుపోకుండా ఉండవు. ఆ గీతలమీదే మట్టి, చెమట. తోటల దగ్గరే గుడిసెలు వేసుకుని చెరకు నరికే కూలీల పిల్లలకైతే ఇంటికొచ్చి సబ్బుతో ఒళ్లు కడుక్కునే వీలు కూడా తక్కువే. గజ్జి ఉన్న పిల్లలకు గోకి గోకి గడ్డలు లేవడం ఎక్కువ. అలాంటప్పుడు గడ్డలు తగ్గాలంటే ముందు గజ్జి తగ్గాలి. అదీ ఇంట్లో అందరికీ ఒకేసారి మందు రాస్తేనే.

సున్నం... బెల్లం... పసుపు

1931లో మంజీరమీద నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్లతో ఇక్కడ చెరకు పెరిగింది. ఆ చెరకు కోసం 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని పేరు తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చుట్టుపక్కల చెరకు తగ్గి వరి పెరిగింది. కానీ బెల్లం వైద్యం మాత్రం ఇళ్లలో అలాగే మిగిలింది. ఇంతకీ అందులో పస ఎంత?

సున్నం-బెల్లం: తడిసున్నం ఘాటైన క్షారం. తోలును కాల్చేస్తుంది. సున్నం పెట్టాక గడ్డ ‘పగిలింది’ అంటే చాలాసార్లు పైతోలు కాలిందని అర్థం. పెద్దల మొద్దుతోలుకు చెల్లిందేమో కానీ, పిల్లల తోలు పలచన. చీము కంటే ముందు తోలే పోతుంది, మచ్చ మిగులుతుంది. ఇక బెల్లం, చక్కెర నీటిని లాగుతాయన్నది నిజమే. అయితే ఆ గుణం తెరుచుకున్న పుండుమీదే. పైతోలు మూసుకుని ఉన్న గడ్డలోంచి అవి దేన్నీ లాగలేవు.

పసుపు: ఇది మన జిల్లా బంగారం. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది. పసుపు గాయాలను మాన్పుతుందంటూ 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేటెంటు పొందితే, మన సీఎస్‌ఐఆర్ దానిమీద పోరాడింది. ‘ఇది మా అవ్వలకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే’ అని పాత గ్రంథాల సాక్ష్యాలు చూపించి 1997లో పేటెంటును రద్దు చేయించింది. గర్వపడాల్సిందే. కానీ ఆ తీర్పు తేల్చింది ‘పసుపు వాడకం కొత్తదేం కాదు’ అని మాత్రమే. పసుపు పట్టిస్తే లోపలి చీము కరిగిపోతుందని కాదు. వాపు తగ్గించే గుణం పసుపులో కొంత ఉంది కాబట్టి తోలు చెక్కుచెదరని గడ్డ చుట్టూ పలచగా రాస్తే పెద్ద నష్టం లేదు. పగిలిన పుండులో మాత్రం పసుపు అద్దొద్దు. వంటింటి డబ్బాలోని పసుపు శుభ్రమైనదన్న నమ్మకం లేదు. పైగా పుండు ఎర్రబడుతోందా, మానుతోందా అన్నది ఆ రంగులో కనిపించదు.

కాల్చిన ఉల్లిగడ్డ, ఉడికించిన పిండికట్టు: వీటిలో పనిచేసేది ఉల్లీ కాదు, పిండీ కాదు... వేడి! మన అవ్వలు పట్టుకున్న కిటుకు అదే. ఇబ్బందల్లా ఆ వేడి ఎంతో తెలియకపోవడం. ముద్ద లోపల కాగుతుంటే పైకి చల్లగానే అనిపిస్తుంది. పిల్లల తోలు కాలుతుంది.

ఉమ్మెత్త ఆకు, జిల్లేడు పాలు: అసలు వద్దు. ఉమ్మెత్త విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పిల్లల చేయి గడ్డమీదికి, అక్కడినుంచి కంట్లోకో నోట్లోకో వెళ్లడానికి ఎంతసేపు?

సూది, పిన్నీసు, గోరు: గడ్డను పిసికితే చీము బయటికే వస్తుందనుకుంటాం. సగం లోపలికి పోతుంది. గడ్డ చుట్టూ ఒళ్లు కట్టిన గోడ తెగిపోయి క్రిమి పక్కకు పాకుతుంది, రక్తంలోకీ చేరొచ్చు. ఎద్దుపుండు కాకికి ముద్దన్నట్టు, తెల్లమొన కనిపిస్తే చాలు మనకు చేతులు ఊరుకోవు. ఊరుకోవాలి!

గోరువెచ్చని గుడ్డే మందు

వేడి తగిలిన చోట రక్తప్రసారం పెరుగుతుంది. పోరాడే కణాలు మరిన్ని చేరతాయి. గడ్డ మెత్తబడి, మొన తేలి, దానంతటదే పగులుతుంది. నొప్పీ తగ్గుతుంది. ఇలా చేయండి...

ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. శుభ్రమైన నూలుగుడ్డను వేడినీళ్లలో ముంచి పిండండి. మీ మోచేయి లోపలివైపు ఆనించి చూడండి. మీకు హాయిగా ఉంటేనే బిడ్డకు. ‘చురుక్కు’మంటే ఆగండి. గడ్డమీద మెల్లగా ఆనించి పది నుంచి పదిహేను నిమిషాలు ఉంచండి. గుడ్డ చల్లారితే మళ్లీ ముంచండి. రోజుకు మూడు నాలుగుసార్లు. ఒక్క పూటలో ఫలితం రాదు. కొన్ని గడ్డలు రెండుమూడు రోజుల్లో పగిలితే, కొన్నింటికి వారం పది రోజులు పట్టొచ్చు. కొన్ని పగలకుండానే అణిగిపోతాయి.

పిల్లలు కదలకుండా ఉండరు కదా! మావాడికి గుడ్డ పెట్టిన ప్రతిసారీ నాయనమ్మ ఓ కథ చెప్పింది. కథ అయ్యేసరికి పదిహేను నిమిషాలు అయ్యేవి. సున్నం బదులు నాయనమ్మ దగ్గర వాడుకోవాల్సిన మందు ఇదేననిపించింది.

వాడిన గుడ్డను మళ్లీ అలాగే వాడొద్దు. వేడినీళ్లలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. ఆ గుడ్డ, తువ్వాలు ఇంకెవరూ ముట్టకూడదు.

నొప్పి ఎక్కువుంటే పారాసిటమాల్ సిరప్ ఇవ్వొచ్చు. అది వయసును బట్టి కాదు, బరువును బట్టి. మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం ఆరు గంటలు. అంటే 12 కిలోల బిడ్డకు 120 నుంచి 180 మిల్లీగ్రాములు. ఇక్కడో జాగ్రత్త... 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సీసాలూ ఉన్నాయి, 250 ఉండేవీ ఉన్నాయి. సీసామీద చదవకుండా ‘ఒక చెంచా’ అని పోయొద్దు. పెద్దల ఆస్పిరిన్ బిళ్ల మాత్రం పిల్లలకు ఇవ్వనేకూడదు.

గడ్డ పగిలాక...

పగలగానే పని అయిపోయిందనుకోకండి. ఇంటిల్లిపాదికీ అంటుకునేది ఇప్పుడే! ఆ చీము నిండా క్రిములే. శుభ్రమైన దూదితోనో గాజుతోనో మెల్లగా అద్ది తీయాలి, నొక్కకూడదు. సబ్బునీళ్లతో కడిగి, తడి అద్ది, పొడిగాజుతో కప్పి పట్టీ వేయాలి. రోజుకోసారి, తడిస్తే వెంటనే మార్చాలి. తీసిన గాజును కవర్లో కట్టి చెత్తబుట్టలో వేయండి, పెరట్లోకి విసరొద్దు. చీము కారడం ఆగేదాకా వేడిగుడ్డ కొనసాగించవచ్చు. పుండు పూర్తిగా కప్పి ఉండి, పట్టీ తడవకుండా ఉంటే బడికి పంపొచ్చు. చెరువు ఈతలు మాత్రం మానేదాకా బంద్!

ఆ రెండు గోలీలు... ఆ ట్యూబు

ఇందాక చెప్పుకున్న పెన్సిలిన్ కథకు వద్దాం. ఆ మందు పనిచేయకుండా పోవడానికి పెద్ద కారణం అవసరం ఉన్నా లేకున్నా యాంటీబయాటిక్స్ వాడటం. చిక్కటి గోడ కట్టుకున్న గడ్డలోకి గోలీ మందు సరిగ్గా చేరదు కూడా. చీము బయటికి పోవడమే అసలు వైద్యం. అందుకే చాలా చిన్న గడ్డలకు యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. ఎప్పుడు అవసరమో, ఏది పనిచేస్తుందో, ఎన్ని రోజులో డాక్టరు చెప్పాలి. ఆయన అయిదు రోజులు రాస్తే అయిదు రోజులూ వేయాలి. అన్న కోసం తెచ్చిన సీసాలో మిగిలింది తమ్ముడికి పోయకూడదు.

‘దురదకు, పుండుకు, తామరకు అన్నింటికీ ఒకటే’ అని అమ్మే క్రీములుంటాయి. వీటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది రాస్తే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ ఆ చోట ఒంటి పోరాటశక్తిని తగ్గించి క్రిమికి దారి ఇస్తుంది. చీటీ లేకుండా చర్మానికి రాసే స్టెరాయిడ్ మందులు అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది కూడా. చీటీ లేకుండా ఇస్తామన్నా మనం తీసుకోకూడదు.

వీటికి ఆగొద్దు... ఆసుపత్రికే!

* ముక్కుమీద, ముక్కుకు పైపెదవికి మధ్య, కంటి దగ్గర లేచిన గడ్డ. ఈ భాగంలోని రక్తనాళాలకు మెదడు కింది నాళాలతో సంబంధం ఉంటుంది. ఇక్కడ గిల్లడం, పిసకడం ప్రాణంమీదికి తేవచ్చు.
* ఏడాదిలోపు పసికందుకు ఎక్కడ గడ్డ లేచినా.
* జ్వరం, చలి, వాంతులు, బిడ్డ మందకొడిగా పడి ఉండటం.
* చుట్టూ ఎరుపు పాకడం. తెలుసుకోవడానికో చిట్కా: ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీయండి. కొన్ని గంటల్లో ఎరుపు గీత దాటితే బయలుదేరండి. గడ్డనుంచి పైకి ఎర్రటి చారలు పాకినా అంతే.
* వెన్నెముకమీద, మలద్వారం దగ్గర, కీలుమీద లేచినవి. కాలో చెయ్యో కదపలేకపోతే ఇంకా తొందరగా.
* రెండుమూడు రోజులు వేడిగుడ్డ పెట్టినా పెరుగుతూ పోతున్నవి, వారం దాటినా తగ్గనివి, ఒకేసారి చాలా లేచినవి.
* మధుమేహం ఉన్న పిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్న పిల్లలు.

కోత అనగానే భయం వద్దు. పండిన గడ్డకు డాక్టరు తిమ్మిరి మందిచ్చి చిన్న గాటు పెట్టి చీము తీస్తారు. చాలామంది పిల్లలు ఆ రోజే ఇంటికి వచ్చేస్తారు. రాత్రంతా సలిపిన నొప్పి గాటు పడగానే సగం పోతుంది. బోధన్ ప్రభుత్వాసుపత్రి, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. బిడ్డ జ్వరంతో మగతగా ఉంటే 108కు ఫోన్ చేయండి.

మళ్లీ మళ్లీ వస్తుంటే...

ఒకటి మానితే ఇంకొకటి లేస్తోందా? అప్పుడు చూడాల్సింది బిడ్డను మాత్రమే కాదు, ఇంటిని. ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కుల్లో ఈ క్రిమి ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. ముక్కులో వేలు, ఆ వేలితో గోకుడు... దారి దొరికినట్టే. గోళ్లు పొట్టిగా కత్తిరించాలి. ఎవరి తువ్వాలు వారికే. రోజూ సబ్బుతో స్నానం, చెమటకు తడిసిన బనియన్లు వెంటనే మార్చడం, దుప్పట్లు, దిండుగలీబులు వారానికోసారైనా వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయడం. అయినా ఆగకపోతే ముక్కులో రాసే మందు డాక్టరు ఇస్తారు. సొంతంగా కొని రాయొద్దు.

గడ్డలు తరచూ లేస్తూ, బిడ్డ విపరీతంగా నీళ్లు తాగడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, బరువు తగ్గడం గమనిస్తే రక్తంలో చక్కెర పరీక్ష చేయించాల్సిందే, అదీ ఆలస్యం చేయకుండా. ఇంట్లో పెద్దలకు తరచూ గడ్డలు లేస్తున్నా ఇదే పరీక్ష. చక్కెర సీమలో ఉన్నాం కదా... ఈ చక్కెర లెక్క మాత్రం మరిచిపోవద్దు.

మావాడి గడ్డ అయిదో రోజు స్నానం చేయిస్తుండగా తనంతట తానే పగిలింది. పది రోజులకు ఆనవాలు లేకుండా మానింది. సున్నం కాల్చిన చోటు మాత్రం ఇప్పటికీ గుండ్రటి మచ్చ. చెడ్డీ కింద ఎవరికీ కనిపించదు. నాయనమ్మకు తప్ప. వాడికి తలంటిన ప్రతిసారీ ఆ మచ్చమీద ఒకసారి చేయి వేసి నిమురుతుంది. మొన్న వేసవిలో పక్కింటి మనవడికి మోకాలిమీద గడ్డ లేచిందని ఎవరో సున్నం డబ్బా అడగడానికి వచ్చారు.

‘‘సున్నం లేదు, గిన్నం లేదు. పొయ్యిమీద నీళ్లు పెట్టు... గుడ్డ తే’’ అంది నాయనమ్మ.